వినకుండా ఓటేస్తే సరిపోతుందా? సభ్యులు పార్లమెంటు చర్చల్లో ఇంకా ఎక్కువసేపు కూర్చోవాలా?

రాత్రిదీపం | మంగళవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం పార్లమెంటు ప్రత్యక్ష ప్రసారం చూశాను. మంచాన పడ్డ పెద్దవాళ్ళను ఇంట్లోనే చూసుకునేవాళ్ళకు ప్రభుత్వం సాయం చేయాలన్న సవరణ మీద చర్చ జరుగుతోంది. ఒక సభ్యురాలు లేచి ఇరవై నిమిషాలు మాట్లాడారు. అరుపుల్లేవు, ఎత్తిపొడుపుల్లేవు. తనకొచ్చిన ఉత్తరాలు చదివారు, ఖర్చు లెక్క చెప్పారు, ఇలా చేస్తే కుదురుతుందని వివరించారు. కెమెరా కాస్త దూరం జరిగినప్పుడు చూస్తే ఆమె వెనక మూడు వరుసలు ఖాళీ. ఎదుటి పక్షంలో మంత్రి, ఆయన పక్కన ఒకాయన, ఇంకొంచెం అవతల ఫోన్ చూసుకుంటూ మరొకాయన.

తర్వాత ఓటింగ్ గంట మోగింది. పది నిమిషాల్లో హాలు నిండిపోయింది. సవరణ వీగిపోయింది. ఆమె చెప్పిన ఒక్క మాటైనా చెవిన పడని వాళ్ళు వందల మంది వచ్చి, దాన్ని ఓడించి వెళ్ళారు.

రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సవరణ ఓడిపోయిందని కాదు నా బాధ. విని ఓడిస్తే ఒప్పుకుంటాను. వినకుండా ఓడించడం ఎలా న్యాయమవుతుంది? నా మటుకు నాకు, సభ్యులు ఇప్పటికన్నా ఎక్కువగా చర్చల్లో కూర్చోవాలి. కూర్చోబెట్టే నిబంధన కూడా ఉండాలి. మీరేమంటారు?

కాగితాలకట్ట | మంగళవారం, రాత్రి 11:25

రాత్రిదీపం గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నేను ఆరేళ్ళు ఒక సభ్యుడి ఆఫీసులో సహాయకుడిగా పనిచేశాను. ఆ అనుభవంతో ఒక మాట చెప్పనివ్వండి. బెంచీ ఖాళీగా ఉందంటే అందులో కూర్చోవాల్సిన మనిషి ఖాళీగా ఉన్నాడని కాదు.

ఆయన రోజు ఎలా ఉండేదో చెప్తాను. పొద్దున తొమ్మిదింటికి కమిటీ. అక్కడ అధికారుల్ని కూర్చోబెట్టి ఖర్చుల గురించి అడుగుతారు, దానికి ముందు రాత్రే నూట యాభై పేజీలు చదవాలి. పన్నెండింటికి నియోజకవర్గం నుంచి వచ్చినవాళ్ళు. మధ్యాహ్నం ఉత్తరాలు. ఒక్కో వారం నాలుగు వందల దాకా వచ్చేవి. ఒకరికి పింఛను ఆగిపోయింది, ఒకరి భూమి రికార్డులో పేరు తప్పుపడింది. ఆయన సంతకం పెట్టి పంపితే గానీ కదలని పనులు. చర్చ మా గదిలో టీవీలో నడుస్తూనే ఉండేది. గంట మోగగానే పరుగెత్తేవాళ్ళం.

బ్రిటన్ దిగువ సభలో 650 మంది సభ్యులుంటే, హాల్లో ఉన్న సీట్లు 427 దాకానే. 1941లో బాంబులు పడి ఆ హాలు ధ్వంసమైంది. మళ్ళీ కట్టేటప్పుడు అందరికీ చోటుండేలా పెద్దగా కడదామని కొందరన్నారు. చర్చిల్ వద్దన్నారు. అంత పెద్ద హాలు కడితే చాలా చర్చలు బోసిపోయిన గదిలో జరుగుతాయని ఆయన వాదన. అంటే మామూలు రోజుల్లో అందరూ రారన్నది ముందే తెలిసి కట్టిన హాలు అది.

రాత్రిదీపం | మంగళవారం, రాత్రి 11:52

కాగితాలకట్ట గారూ, నాలుగు వందల ఉత్తరాల సంగతి నాకు నిజంగా తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు. అయినా ఒక్కటి అడుగుతాను. గదిలో టీవీ నడుస్తూ ఉండేదన్నారు. ఆయన అది వినేవారా?

కాగితాలకట్ట | బుధవారం, ఉదయం 7:10

దాచడం ఎందుకు, చాలాసార్లు వినేవారు కాదు. ఏ వైపు ఓటెయ్యాలో పార్టీ నుంచి పొద్దునే చీటీ వచ్చేది.

న్యాయవిద్యార్థిని | బుధవారం, ఉదయం 8:35

సభలో ఉండాలని చట్టం ఎంతవరకు అడుగుతుందో చూస్తే, అది చాలా తక్కువ. భారత రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం సభ నడవాలంటే మొత్తం సభ్యుల్లో పదో వంతు ఉంటే చాలు. లోక్‌సభ అయితే 55 మంది. బ్రిటన్ దిగువ సభలో కోరం, అంటే ఉండాల్సిన కనీస సంఖ్య, 40, అదీ ఓటింగ్ జరిగినప్పుడే చూస్తారు. అక్కడి ఎగువ సభలో చర్చకు ముగ్గురుంటే సరిపోతుంది. జర్మనీ పార్లమెంటు బుందెస్టాగ్‌లో సగానికి మించి ఉండాలన్నది నిబంధన, కానీ ఎవరో లేచి సందేహం లేవనెత్తేదాకా కోరం ఉన్నట్టే లెక్క.

గైర్హాజరుకు శిక్ష సంగతి కూడా అంతే. భారత్‌లో 101వ అధికరణం నాలుగో క్లాజు ప్రకారం, సభ అనుమతి లేకుండా 60 రోజుల పాటు అన్ని సమావేశాలకూ రాకపోతే ఆ సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. ప్రకటించి తీరాలని లేదు. పైగా సభ వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. మధ్యలో ఒక్క పూట వచ్చి కనిపించినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఆస్ట్రేలియా రాజ్యాంగం కొంచెం గట్టిది. అనుమతి లేకుండా వరసగా రెండు నెలలు సమావేశాలకు రాకపోతే సీటు పోతుంది.

ఈ నిబంధనలన్నీ పూర్తిగా మాయమైపోయే సభ్యుడి కోసం రాసినవి. రాత్రిదీపం గారు చూసిన సభ్యులు మాయమైపోలేదు. భవనంలోనే ఉన్నారు, ఓటింగ్‌కు వచ్చారు. వాళ్ళ మీద ఏ నిబంధనా లేదు.

లెక్కసరిచూడు | బుధవారం, ఉదయం 10:02

నేను అంకెల మనిషిని, ఆ వైపు నుంచే వస్తాను.

17వ లోక్‌సభలో (2019-24) సభ్యుల సగటు హాజరు 79 శాతం. ఈ అంకె చూస్తే ఏ బడి అయినా సంతోషిస్తుంది. మరి అదే కాలంలో టీవీలో ఖాళీ బెంచీలు ఎలా కనిపించాయి? ఎందుకంటే హాజరు పట్టీలో సంతకం అంటే ఆ రోజు ఒకసారి వచ్చారని మాత్రమే. పది నిమిషాలున్నారా పది గంటలున్నారా అన్నది అందులో ఉండదు. మంత్రులైతే ఆ సంతకం కూడా పెట్టనక్కర్లేదు.

కాబట్టి హాజరు శాతం పెంచమని అడిగితే శాతమే పెరుగుతుంది, వినడం పెరగదు. యూరోపియన్ పార్లమెంటులో ఓటింగ్ రోజున పేరు పేరునా జరిగే ఓట్లలో సగానికి పైగా తప్పిపోతే ఆ రోజు భత్యం సగం కోస్తారు. జర్మనీలో రాని రోజులకు భత్యంలో కోత ఉంది. ఓటింగ్ సమయానికి ఇవి బాగానే పనిచేస్తాయి. కానీ 2017 జూలైలో మాల్టా ప్రధాని జోసెఫ్ మస్కట్ ఆ యూరోపియన్ పార్లమెంటులోనే యూరోపియన్ యూనియన్ మండలికి తమ దేశం అధ్యక్షత వహించిన కాలం గురించి మాట్లాడితే, 751 మందిలో వచ్చినవాళ్ళు 30 మంది దాకా. యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు జాన్-క్లాడ్ యుంకర్ లేచి ఈ పార్లమెంటు హాస్యాస్పదంగా ఉందని ముఖం మీదే అన్నారు. ఒక పెద్ద దేశం నాయకులెవరైనా వచ్చి ఉంటే హాలు నిండి ఉండేదని కూడా అన్నారు.

ఈ గొడవ కొత్తది కాదు. ప్రాచీన ఏథెన్సులో పౌరసభకు జనం రాకుండా సంతలో కబుర్లు చెప్పుకుంటుంటే, ఎర్ర రంగు పూసిన తాడు పట్టుకుని వాళ్ళను సభ వైపు తోలేవాళ్ళు. బట్టకు ఎరుపు అంటితే ఆలస్యమైనట్టు. తర్వాత వచ్చినందుకు డబ్బివ్వడం కూడా మొదలుపెట్టారు.

ఇంకో అంకె చెప్పి ఆపుతాను. మొదటి లోక్‌సభ తన ఐదేళ్ళలో 677 రోజులు సమావేశమైంది. 17వది 274 రోజులు. సభే నడవని రోజున సభ్యుడు ఎక్కడికి రావాలి?

అర్జీ_పెట్టినమ్మ | బుధవారం, మధ్యాహ్నం 1:48

ఈ వేదికలో ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది.

మా బాబుకు అరుదైన జబ్బు. మందు ఉంది, కానీ కుటుంబాలు కొనుక్కోగలిగేది కాదు. మాలాంటి తల్లిదండ్రులం కొంతమందిమి కలిసి మూడేళ్ళు తిరిగాం. సంతకాలు సేకరించాం. చివరికి ఒక సభ్యుడు ఆ విషయాన్ని చర్చకు తెచ్చారు. గ్యాలరీలో కూర్చోవడానికి పాసులిచ్చారు. బాబును మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాం. ఫోన్లు బయట పెట్టమన్నారు, మాట్లాడొద్దన్నారు, చప్పట్లు కొట్టొద్దన్నారు. అన్నీ విన్నాం.

పైనుంచి చూస్తే కింద తొమ్మిది మంది. లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను, తప్పు లెక్కపెట్టానేమోనని. నా పక్కన కూర్చున్నావిడ మెల్లగా, "మిగతావాళ్ళు ఇంకా వస్తారేమో కదా" అంది. ఎవరూ రాలేదు.

అందరూ బిజీగా ఉంటారని కాగితాలకట్ట గారు చెప్పింది నిజమే అయ్యుంటుంది. నాకు కోపం లేదు. కానీ ఆ రోజు నా మనసులో అనుకున్నది ఇది: మేం మూడేళ్ళు తిరిగి తెచ్చిన మాట వినడానికి వీళ్ళకు ఒక్క గంట సమయం లేదు.

ఒక విషయం మాత్రం చెప్పాలి. ఆ తొమ్మిది మందిలో ఎదుటి పక్షం ఆయన ఒకరు చివరిదాకా కూర్చున్నారు. నోట్సు రాసుకున్నారు. రెండు నెలల తర్వాత ఆయనే కమిటీలో మందు దిగుమతి సుంకం గురించి ప్రశ్న వేశారని తెలిసింది. మాకు ఆయన ఎవరో కూడా అప్పటిదాకా తెలియదు.

రాత్రిదీపం | బుధవారం, మధ్యాహ్నం 2:15

అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

అర్జీ_పెట్టినమ్మ | బుధవారం, మధ్యాహ్నం 2:31

మందు దొరుకుతోంది, ఇప్పటికి పరవాలేదు. అడిగినందుకు సంతోషం.

పొట్టిరాత | బుధవారం, రాత్రి 9:05

నేను ఒక చట్టసభలో ఇరవై రెండేళ్ళు రిపోర్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పత్రికా రిపోర్టరుగా కాదు, సభలో ప్రతి మాటా రాసుకునే రిపోర్టరుగా. వంతులవారీగా లోపలికి వెళ్ళి రాసుకుని, బయటికొచ్చి టైపు చేయడం, మళ్ళీ వెళ్ళడం. సభ్యులు బయటికి వెళ్ళొచ్చు, మేం వెళ్ళడానికి లేదు. కాబట్టి ఖాళీ సభనూ, నిండు సభనూ చాలా దగ్గరగా చూశాను.

ఖాళీ సభలో ప్రసంగం వేరుగా ఉంటుంది. మాట్లాడే మనిషి ముందే రాసుకొచ్చిన కాగితం నుంచి కళ్ళెత్తడు. ముందు మాట్లాడినవాళ్ళు ఏమన్నారో అతనికి తెలియదు, ఎందుకంటే అప్పుడు అతను అక్కడ లేడు. తన వంతుకు ఐదు నిమిషాల ముందు వచ్చాడు, చదివాడు, వెళ్ళిపోయాడు. తర్వాతి మనిషి అవే అంకెలు మళ్ళీ చెప్తాడు. ఒకే రోజు ఒకే ఉదాహరణ ఆరుసార్లు రాసుకున్న సందర్భం నాకు గుర్తుంది. దాన్ని చర్చ అనలేం. వరసగా పెట్టిన ప్రసంగాలు అంతే.

సభ నిండకపోయినా, నలభై మంది మొదటి నుంచి చివరిదాకా కూర్చుంటే మొత్తం మారిపోతుంది. "ఇందాక గౌరవ సభ్యులు అన్నట్టు" అన్న మాట అప్పుడే వినిపిస్తుంది. మంత్రి రాసుకొచ్చిన జవాబు పక్కన పెట్టి, అడిగినదానికి జవాబివ్వాల్సి వస్తుంది. ఎందుకంటే ఇవ్వకపోతే లేచి నిలదీసే మనిషి ఎదురుగా ఉన్నాడు.

బ్రిటన్ సభలో ఒక మర్యాద ఉంది. మాట్లాడాలనుకున్న సభ్యుడు చర్చ మొదట్లో ఉండాలి, తను మాట్లాడాక కనీసం తర్వాతి రెండు ప్రసంగాలు వినాలి, ముగింపు జవాబులకు తిరిగి రావాలి. అలా ఉండనివాళ్ళను స్పీకర్ గుర్తుపెట్టుకుని తర్వాతిసారి జాబితాలో కిందికి తోస్తారు. హాజరు పట్టీ కన్నా ఇది నాకు ఎక్కువ నచ్చుతుంది. అందరూ అన్ని చర్చలకూ రావాలని అడగను. మాట్లాడేవాళ్ళు వినాలి, అంతవరకు అడుగుతాను.

నిలబడి_అడుగు | బుధవారం, రాత్రి 9:50

అందరూ బాగా రాశారు, కానీ అసలు సంగతి కాగితాలకట్ట గారు ఒక్క వాక్యంలో ముందే చెప్పేశారు. పొద్దునే చీటీ వస్తుంది. ఇంక వినడం ఎందుకు?

భారత్‌లో 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. ఫిరాయింపులు ఆపడానికి తెచ్చారు, ఆ అవసరం ఉన్న మాట నిజమే. కానీ ఫలితం ఏమిటంటే, విప్, అంటే ఇలా ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం, జారీ అయ్యాక సభ్యుడు చర్చ విని మనసు మార్చుకుని వేరే వైపు ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. ఎంత గొప్ప ప్రసంగం విన్నా ఓటు మారదు. మారకూడదని చట్టమే చెప్తోంది. అలాంటి చోట ఎనిమిది గంటలు కూర్చోమనడం ఆ మనిషి సమయాన్ని వృథా చేయడమే. ముందు విప్‌ను ప్రభుత్వం పడిపోయే ఓట్లకు, బడ్జెట్‌కు పరిమితం చేయండి. అప్పుడు ఎవరూ పిలవకుండానే సభ నిండుతుంది. విన్న మాటకు విలువ ఉన్న చోటికి మనుషులు వస్తారు.

1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడి, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రోజు హాల్లో కుర్చీ ఖాళీ ఉందా? ఓటు లెక్కలోకి వస్తుందని తెలిస్తే అందరూ వస్తారు.

న్యాయవిద్యార్థిని | బుధవారం, రాత్రి 10:44

నిలబడి_అడుగు గారూ, విప్ గురించి మీతో దాదాపు ఒప్పుకుంటాను. కానీ ఓటు మారదు కాబట్టి వినడం వృథా అన్న దగ్గర ఆగిపోతున్నాను. సభలో జరిగేది ఓటు ఒక్కటే కాదు.

మంత్రి సభలో ఏదైనా చేస్తామని మాటిస్తే దానికి బరువుంటుంది. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి ఉంది. మంత్రులిచ్చిన మాటలు నెరవేరాయా లేదా అని చూడడమే దాని పని. ఆ మాట రావాలంటే ఎవరో ఒకరు అక్కడ కూర్చుని, మంత్రి తప్పించుకోబోయిన క్షణాన లేచి మళ్ళీ అడగాలి.

మాకు క్లాసులో చెప్పిన బ్రిటన్ కేసు ఒకటుంది, పెప్పర్ వర్సెస్ హార్ట్. ఒక ప్రైవేటు బడి తమ టీచర్ల పిల్లలకు తక్కువ ఫీజుకే చదువు చెప్పేది. ఆ రాయితీ మీద ఎంత పన్ను కట్టాలన్నది తగాదా. చట్టంలో మాట స్పష్టంగా లేదు. 1976లో ఆ బిల్లు కమిటీలో ఉన్నప్పుడు సరిగ్గా ఇదే ప్రశ్న అడిగితే మంత్రి ఒక జవాబిచ్చారు. 1992లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ జవాబు రికార్డు తీసి చూసి, టీచర్ల వైపు తీర్పిచ్చింది. పదహారేళ్ళ తర్వాత! ఆ రోజు ఆ గదిలో కూర్చుని ప్రశ్న అడగకపోతే రికార్డులో జవాబే లేదు.

కాగితాలకట్ట | గురువారం, ఉదయం 6:55

న్యాయవిద్యార్థిని గారూ, ఆ జవాబు వచ్చింది కమిటీలో కదా. నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే. అమెరికా అధ్యక్షుడు కాకముందు, 1885లోనే వుడ్రో విల్సన్ రాశారు, సమావేశంలో ఉన్న కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) జనానికి ప్రదర్శనలో ఉన్నట్టు, కమిటీ గదుల్లో ఉన్నప్పుడే పనిలో ఉన్నట్టు అని. అమ్మ గారి విషయంలో కూడా ప్రశ్న చివరికి కమిటీలోనే పడింది.

అలాగే కఠినమైన నిబంధన పెట్టేముందు మనుషుల్ని గుర్తుపెట్టుకోండి. 2019 జనవరిలో బ్రిటన్ సభ్యురాలు ట్యూలిప్ సిద్దీఖ్ బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) ఓటు కోసం తన సిజేరియన్‌ను వాయిదా వేసుకుని చక్రాల కుర్చీలో సభకు వచ్చారు. అది చూశాకే, ప్రసవం అయినవాళ్ళ ఓటు వేరొకరు వేసే ఏర్పాటును అదే నెలాఖరులో ఒప్పుకున్నారు. 1979 మార్చి 28న అక్కడి ప్రధాని కాలహాన్ ప్రభుత్వం వ్యతిరేకంగా 311, అనుకూలంగా 310 ఓట్లు పడి, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. సర్ ఆల్ఫ్రెడ్ బ్రాటన్ అనే సభ్యుడు ప్రాణాపాయ స్థితిలో ఉన్నారు. అంబులెన్సులో తీసుకొస్తే ప్రభుత్వం నిలబడేదేమో. తీసుకురావొద్దని నిర్ణయించారు. కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. ఆ నిర్ణయం సరైనదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

లెక్కసరిచూడు | గురువారం, ఉదయం 8:20

కమిటీలే పనిచేసే చోటు అన్నారు కాబట్టి అడుగుతున్నాను, బిల్లులు కమిటీలకు వెళ్తున్నాయా? 15వ లోక్‌సభలో (2009-14) 71 శాతం బిల్లులు కమిటీకి వెళ్ళాయి. 17వ దాంట్లో 16 శాతం. కమిటీలో పని ఉందని సభకు రాకపోవడం, సభలో చూసుకుందామని కమిటీకి పంపకపోవడం, రెండూ కలిస్తే బిల్లును ఎవరు చదివినట్టు? 2018 మార్చిలో గందరగోళం మధ్య మంత్రిత్వ శాఖల పద్దులన్నీ గిలెటిన్‌తో, అంటే చర్చ లేకుండానే ఒకేసారి ఓటుకు పెట్టి, ఆమోదించేశారు. మూజువాణి ఓటుకు నోరుంటే చాలు, విని ఉండనక్కర్లేదు.

నిర్వాహక | గురువారం, ఉదయం 9:00

చర్చ బాగా నడుస్తోంది, అందరికీ ధన్యవాదాలు. రాత్రి రెండు సందేశాలు తీసేశాను. పార్టీల పేర్లు పెట్టి మా వాళ్ళు వస్తారు, మీ వాళ్ళు రారు అని పోట్లాడుకోవద్దు. ఖాళీ బెంచీలు అన్ని వైపులా ఉన్నాయి.

న్యాయవిద్యార్థిని | గురువారం, ఉదయం 11:37

ఇంకో దేశం సంగతి. కెనడా సభలో ఫలానా సభ్యుడు ఇవాళ రాలేదని ఇంకో సభ్యుడు అనకూడదు. అంటే స్పీకర్ ఆపుతారు. సభ్యులకు ఎన్నో చోట్ల పని ఉంటుంది, రాకపోవడాన్ని నిందగా వాడకూడదన్నది కారణం.

అర్జీ_పెట్టినమ్మ | గురువారం, మధ్యాహ్నం 12:20

అది తప్పు. క్షమించాలి, గట్టిగా అంటున్నాను. వాళ్ళలో వాళ్ళు అనుకోకూడదు సరే, మాకెవరు చెప్తారు? ఆ రోజు నేను గ్యాలరీలో లేకపోతే తొమ్మిది మందే ఉన్నారని నాకు తెలిసేదే కాదు. టీవీలో మాట్లాడే మనిషి ముఖమే చూపిస్తారు. ఇంట్లో చూసిన మా వాళ్ళంతా సభ నిండా జనం ఉన్నారనే అనుకున్నారు.

పొట్టిరాత | గురువారం, మధ్యాహ్నం 3:10

అమ్మ గారి మాటకు ఒక ఉదాహరణ ఉంది. అమెరికా ప్రతినిధుల సభలో 1979లో టీవీ ప్రసారం మొదలైంది. రోజు పని అయిపోయాక కొందరు సభ్యులు ఎవరూ లేని హాల్లో కెమెరా ముందు నిలబడి, ఎదుటి పక్షాన్ని సవాలు చేస్తున్నట్టు మాట్లాడేవాళ్ళు. చూసేవాళ్ళకు ఎదుటివాళ్ళు జవాబు లేక మౌనంగా ఉన్నట్టు కనిపించేది. 1984లో స్పీకర్ టిప్ ఓనీల్ కెమెరాలను హాలంతా తిప్పి చూపించమన్నారు. ఖాళీ కుర్చీలు బయటపడ్డాయి. పెద్ద రగడ జరిగింది, ఎందుకంటే ఆయన ముందు చెప్పకుండా చేశారు. ముందే చెప్పి, అన్ని పక్షాలకూ సమానంగా, ప్రతి చర్చలో గంటకోసారి హాలంతా చూపిస్తే ఎవరికీ అన్యాయం ఉండదు. దీనికి చట్టం మార్చక్కర్లేదు, జీతం కోయక్కర్లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలనిపిస్తోంది. రాజ్యాంగ సభలో 1948 నవంబరు 5న టి.టి. కృష్ణమాచారి చేసిన ప్రసంగం ఉంది. ముసాయిదా కమిటీకి ఏడుగురిని వేస్తే, ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరు సంస్థాన వ్యవహారాల్లో ఉన్నారు, ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా, బహుశా ఆరోగ్యం వల్ల, రాలేకపోయారు. చివరికి బరువంతా అంబేద్కర్ మీద పడిందని ఆయన సభ ముందు చెప్పారు. ఎవరినీ తిట్టలేదు, ఎవరు ఎందుకు రాలేదో రికార్డు చేశారు. నా ఉద్యోగం మొదట్లో ఆ పాత రికార్డు చదివాను. కూర్చున్న మనిషి మీద కూర్చోని వాళ్ళ బరువు ఎలా పడుతుందో నాకు మొదటిసారి అప్పుడే అర్థమైంది.

నిలబడి_అడుగు | గురువారం, సాయంత్రం 6:42

పొట్టిరాత గారూ, కెమెరా సంగతి ఒప్పుకుంటున్నాను. విప్ మారేదాకా ఆగాలన్న నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటాను. విప్ ఓటును కట్టేస్తుంది గానీ ప్రశ్నను కట్టేయదు. అయినా విప్ మారాలి, అది మాత్రం వదలను.

రాత్రిదీపం | గురువారం, రాత్రి 9:30

మొదట నేను అడిగింది అందరూ రావాలని, నిర్బంధంగా రప్పించాలని. ఇప్పుడు అలా అడగలేను. కమిటీలో కూర్చున్న మనిషిని, ఆసుపత్రిలో ఉన్న మనిషిని ఖాళీ బెంచీ అని తిట్టినవాణ్ణవుతాను.

కానీ ఇంతకన్నా తగ్గను. ఒక సవరణను ఓడించడానికి వచ్చేవాళ్ళు దాని మీద మంత్రి ఇచ్చే జవాబైనా వినాలి. ఓటింగ్‌కు ముందు ఆ ముగింపు జవాబు పావుగంట, అరగంట ఉంటుంది. ఓటింగ్ గంట అది అయ్యాక కాక, జవాబుకు ముందే మోగించండి. తలుపులు అప్పుడే మూయండి. విన్నాక ఏ వైపు ఓటేసినా వాళ్ళిష్టం. నేను చూసిన ఆ సభ్యురాలికి ఆ మాత్రం దక్కి ఉంటే ఈ చర్చే మొదలుపెట్టేవాణ్ణి కాదు.

కాగితాలకట్ట | గురువారం, రాత్రి 10:15

గంట ముందే మోగించడం! ఆరేళ్ళలో ఈ ఆలోచన మాకెవరికీ రాలేదు. నేను పనిచేసిన ఆ సభ్యుడు ఉన్నట్టయితే ఒప్పుకునేవారనే అనుకుంటున్నాను.

ఆఫీసు లోపలి నుంచి చూసినవాణ్ణి కాబట్టి ఒక పనికొచ్చే మాట. మీ సభ్యుణ్ణి చర్చకు రప్పించాలంటే చర్చ అయ్యాక తిట్టకండి. ముందు రాయండి. వచ్చే వారం కార్యక్రమం ముందే బయటికొస్తుంది. అందులో మీకు కావాల్సిన చర్చ చూసి, అర పేజీ ఉత్తరం రాయండి. అచ్చేసిన ఒకే నమూనా వంద మంది పంపితే మేం ఒక కట్టగా కట్టేసేవాళ్ళం. సొంత మాటల్లో, సొంత కథతో వచ్చినదాన్ని ఆయన టేబుల్ మీద పెట్టేవాణ్ణి. అందులో ఒక్కటే అడగండి: ఫలానా రోజు మంత్రి జవాబిచ్చేటప్పుడు మీరు లోపల ఉంటారా, ఉంటే ఈ ప్రశ్న అడుగుతారా? అలాంటి ఉత్తరం వచ్చిన రోజున ఆయన సభకు వెళ్ళకుండా ఉండడం నేను చూడలేదు.

అర్జీ_పెట్టినమ్మ | శుక్రవారం, ఉదయం 5:50

మందుల విషయం మళ్ళీ వస్తోంది, పదకొండు రోజుల్లో. రాత్రే రాశాను. మా సభ్యుడికొకటి, నోట్సు రాసుకున్న ఆ ఎదుటి పక్షం ఆయనకొకటి. సుంకం మినహాయింపు ఎప్పటిదాకా ఉంటుందో తేదీ చెప్పమని మంత్రిని అడగాలి, అదొక్కటే ప్రశ్న. పాసుకు కూడా పెట్టాను. ఈసారి కూడా పైనుంచి లెక్కపెడతాను. వచ్చి ఇక్కడ రాస్తాను.